టైమౌట్ పెట్టిన థ్రెడ్డు ఏ గడియారం చూస్తుంది?

(ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవాళ్ళు, ఆ పనిలోనే ఉన్నవాళ్ళు కలిసి బరంపురంలో పెట్టుకున్న ఒక తెలుగు సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. బోర్డు మీద రాసినవీ, సభలోంచి అడిగినవీ ఉన్నచోటే ఉంచాం.)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి వచ్చిన పిల్లలు కూడా ఉన్నారని ఇందాకే చెప్పారు. మీ చివరి బస్సు తప్పించే ఉద్దేశం నాకు లేదు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

ఒక థ్రెడ్డు, అంటే ప్రోగ్రాం లోపల తన పని తాను చేసుకుపోయే ఒక దారి, ఇంకో థ్రెడ్డు కోసం ఆగాలి. కానీ ఎప్పటికీ అలా ఆగిపోకూడదు. ఐదు సెకన్లు చూడాలి, కబురు రాకపోతే లేచి వేరే పని చూసుకోవాలి. ఆ ఐదు సెకన్ల హద్దే టైమౌట్. చెప్పుకోవడానికి ఇంతే. విండోస్‌లో ఇది ఒక్క లైను. లినక్స్‌లో నాలుగైదు లైన్లు. ఆ లినక్స్ కోడ్‌నే పట్టుకెళ్ళి మ్యాక్‌లో పెడితే ఒక్కోసారి కంపైలే కాదు. కంపైల్ కాకపోతే అదృష్టం అనుకోండి, తప్పు ఎక్కడుందో అప్పుడే తెలిసిపోతుంది. అన్నీ సవ్యంగా కంపైల్ అయి, నెలల తరబడి బాగా నడిచి, ఒకరోజు కరెంటు పోయొచ్చాక మొండికేస్తుంది చూడండి, అసలు టెన్షన్ అక్కడ.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఎంతసేపు ఆగాలో తేల్చే పని గోడ గడియారానికి, అంటే తేదీ, గంట చూపించే కంప్యూటర్ గడియారానికి, అప్పజెప్పకండి. గడువు ఒక్కసారే, మొదట్లోనే లెక్కగట్టుకోండి. ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కి (ఓఎస్‌కి) అర్థమయ్యే రూపంలోకి దాన్ని మార్చడం చిట్టచివర, ఓఎస్‌ని పిలిచే ఆ ఒక్క చోటే జరగాలి. ఇది ఎందుకో చూద్దాం.

విండోస్‌లో వెయిట్ ఫర్ సింగిల్ ఆబ్జెక్ట్ అనే ఫంక్షన్ ఉంది. దానికి 5000 అని ఇస్తే ఇప్పట్నుంచి 5000 మిల్లీసెకన్లు అని అర్థం. కండిషన్ వేరియబుల్ (ఒక షరతు కోసం థ్రెడ్డు ఆగి, ఇంకో థ్రెడ్డు సిగ్నల్ ఇస్తే లేచే ఏర్పాటు) కావాలంటే విస్టాతో పాటు వచ్చిన స్లీప్ కండిషన్ వేరియబుల్ సీఎస్ ఉంది, దానికీ మిల్లీసెకన్లే. లినక్స్, మ్యాక్, బీఎస్‌డీల వైపు, యూనిక్స్ తరహా ఓఎస్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ పద్ధతి వేరు. అక్కడ పీథ్రెడ్ కాండ్ టైమ్డ్‌వెయిట్ అనే ఫంక్షన్‌కి 'ఎంతసేపు' అని ఇవ్వం, 'ఎప్పటిదాకా' అని ఇస్తాం. ఆ 'ఎప్పటి'ని మామూలుగా 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లుగా, నానోసెకన్లుగా రాసివ్వాలి.

విండోస్ అలవాటుతో వచ్చినవాళ్ళు మొదట చేసే పని, సెకన్ల గడిలో 5 అని రాసెయ్యడం. దాని అర్థం ఏమిటో తెలుసా? 1970 జనవరి 1న, మన టైం ప్రకారం పొద్దున్న ఐదున్నర దాటిన ఐదో సెకను దాకా ఆగమని. అది ఎప్పుడో గడిచిపోయింది కదా, ఫంక్షన్ ఒక్క క్షణం కూడా ఆగకుండా 'టైం అయిపోయింది' అని తిరిగొస్తుంది. (నవ్వులు)

ఇంకోటి నానోసెకన్ల గడిలో. ఇప్పటి టైం తీసుకుని దానికి అర సెకను కలపాలి. అర సెకనంటే 50 కోట్ల నానోసెకన్లు. గడిలో అప్పటికే 70 కోట్లు ఉందనుకోండి, మొత్తం 120 కోట్లయింది. కానీ ఆ గడిలో 99,99,99,999 దాటి ఉండకూడదు. దాటితే చెల్లని విలువ అని ఫంక్షన్ ఎర్రర్ ఇచ్చి తక్షణం వచ్చేస్తుంది. వంద కోట్లు వచ్చినా, దాటినా ఒక సెకను పెంచి అక్కడ వంద కోట్లు తీసెయ్యాలి, అంతే. అది మర్చిపోయిన కోడ్ సగం సార్లు పనిచేస్తుంది, సగం సార్లు చెయ్యదు. అర సెకను కలుపుతున్నాం కాబట్టి అక్షరాలా సగమే. పైగా చాలామంది రిటర్న్ విలువ చూడరు. లూప్‌లో ఉంటే సీపీయూ నూటికి నూరు పోతుంది, ఫ్యాన్ హోరుమంటుంది, మనం యాంటీవైరస్‌ని తిడుతూ కూర్చుంటాం.

ఇక్కడే ఇంకో మాట. పీథ్రెడ్ (పోసిక్స్ థ్రెడ్) ఫంక్షన్లు ఎర్రర్‌ని ఎర్‌నోలో, అంటే ఎర్రర్ కోడ్ మామూలుగా ఉండే చోట, పెట్టవు, రిటర్న్ విలువగానే ఇస్తాయి. టైమౌట్ అయితే వచ్చే కోడ్ ఈ-టైమ్డ్-అవుట్. దాని అంకె లినక్స్‌లో 110, మ్యాక్‌లో 60. కాబట్టి పేరుతోనే పోల్చండి, అంకె రాయొద్దు. విండోస్ కండిషన్ వేరియబుల్ అయితే సున్నా ఇస్తుంది, తర్వాత గెట్ లాస్ట్ ఎర్రర్ అడిగితే 1460 అంటుంది. అదే విండోస్‌లో వెయిట్ ఫర్ సింగిల్ ఆబ్జెక్ట్ అయితే 258 ఇస్తుంది. ఒక ఇంట్లోనే రెండు పద్ధతులు.

సరే, 'ఎంతసేపు' మంచిదా, 'ఎప్పటిదాకా' మంచిదా? తమ్ముణ్ణి బస్టాండుకి పంపుతూ 'పది నిమిషాలు చూసి వచ్చెయ్' అనొచ్చు, 'ఏడున్నర దాకా చూసి వచ్చెయ్' అనొచ్చు. మొదటి మాట చెప్పి పంపామనుకోండి. తొమ్మిదో నిమిషంలో ఎవరో పిలిచారు. వెళ్ళి చూస్తే అది వాణ్ణి కాదు. తిరిగొచ్చి నిలబడి మళ్ళీ పది నిమిషాలు మొదట్నుంచి లెక్కపెడితే? ఇంకొకరు పిలిస్తే? రాత్రి దాకా అక్కడే ఉంటాడు. 'ఏడున్నర' అని చెప్పి ఉంటే ఎంతమంది పిలిచినా ఏడున్నరే. కానీ దానికో చిక్కుంది. బస్టాండు గడియారం ఎవరో తిప్పేస్తే వాడి లెక్క మొత్తం పోతుంది.

థ్రెడ్లలో ఆ ఉత్తుత్తి పిలుపుల్ని స్పూరియస్ వేకప్ అంటారు. ఎవరూ సిగ్నల్ ఇవ్వకపోయినా కండిషన్ వేరియబుల్ మీద ఆగిన థ్రెడ్డు లేవొచ్చు, అది తప్పు కాదు అని పోసిక్స్ రాసిపెట్టింది. విండోస్ డాక్యుమెంటేషన్‌లోనూ అదే ఉంది. అసలు సిగ్నలే వచ్చినా, మనం లేచేలోపు ఇంకో థ్రెడ్డు ఆ పని ఎత్తుకుపోయి ఉండొచ్చు. అందుకే లేవగానే 'నా షరతు నిజమైందా?' అని చూసుకోవాలి, కాకపోతే మళ్ళీ పడుకోవాలి. అంటే లూప్. లూప్ వచ్చిందంటే విండోస్‌లో ఆ 5000ని ప్రతి చుట్టూ అలాగే ఇవ్వకూడదు. ఈ తప్పు టెస్టింగ్‌లో దాదాపు దొరకదు. మన టేబుల్ మీద ఉత్తుత్తి పిలుపులు రావు, రద్దీగా ఉండే సర్వర్లో వస్తాయి.

(బోర్డు మీద రాస్తూ)

గడువు = ఇప్పుడు + 5 సెకన్లు
షరతు నిజం కానంతసేపూ:
    మిగిలింది = గడువు − ఇప్పుడు
    మిగిలింది సున్నా, లేదా అంతకన్నా తక్కువ అయితే: టైమౌట్, బయటికి
    మిగిలినంతసేపు ఆగు

గడువు లూప్ బయట ఉంది చూశారా. అది ఒక్కసారే లెక్కగడతాం. 'ఇప్పుడు' అనేది మాత్రం ప్రతి చుట్టూ కొత్తగా అడుగుతాం. ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ 'ఇప్పుడు' ఎవర్ని అడుగుతున్నాం?

ఇచ్ఛాపురం, గిరిసోల మధ్య హైవే మీద మీరు తిరిగే ఉంటారు. ఆ హైవే పక్కన ఒక వేబ్రిడ్జి. ఏది అని అడగొద్దు. లారీ ఎక్కుతుంది, ఇండికేటర్ మీద బరువు పడుతుంది, ఆ బరువు ఒక చిన్న నెట్‌వర్క్ కన్వర్టర్ ద్వారా కంప్యూటర్‌కి వస్తుంది, ప్రింటర్ చీటీ కక్కుతుంది. విండోస్ పీసీ పాడైతే, దాని జాగాలో అరచేతిలో పట్టే లినక్స్ బోర్డు ఒకటి పెట్టారు. ఖర్చు తక్కువ, కరెంటు తక్కువ, దుమ్ములో బతుకుతుంది. కోడ్‌ని లినక్స్‌కి మార్చిన కుర్రాడు పద్ధతిగానే రాశాడు. కన్వర్టర్‌తో కనెక్షన్ దొరక్కపోతే ఐదు సెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. మధ్యలో ఎవరైనా ప్రోగ్రాం ఆపితే వెంటనే లేవాలని, ఉత్త స్లీప్ కాకుండా కండిషన్ వేరియబుల్ మీద టైమ్డ్ వెయిట్ పెట్టాడు. నేను మెచ్చుకునే పద్ధతే అది.

ఈ చిన్న బోర్డుల్లో చాలావాటికి బ్యాటరీ గడియారం ఉండదు. రాస్ప్‌బెర్రీ పై నాలుగో మోడల్ దాకా లేదు. ఐదో దాంట్లో గడియారం పెట్టారు గానీ బ్యాటరీ మనమే కొని తగిలించుకోవాలి. కరెంటు పోతే టైం పోతుంది. మళ్ళీ వచ్చాక, చివరిసారి డిస్క్ మీద రాసిపెట్టుకున్న టైం నుంచి మొదలుపెడుతుంది, నెట్ దొరికాక ఎన్‌టీపీ సర్వర్‌ని, అంటే నెట్ మీద సరైన టైం చెప్పే సర్వర్‌ని, అడిగి సరిచేసుకుంటుంది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ చూసినవాళ్ళం మనం, కరెంటు పోవడం మనకి కొత్తేమీ కాదు. కరెంటు ముందొచ్చి నెట్ తర్వాత రావడం కూడా కొత్త కాదు.

ఆ రోజు పొద్దున్న అదే జరిగింది. కరెంటొచ్చింది, బోర్డు లేచింది, టైం తప్పు చూపిస్తోంది. చీటీ మీద తప్పు టైం పడితే లారీవాళ్ళు గొడవ చేస్తారని అక్కడి ఆపరేటర్ చేత్తో సరిచేశాడు. పొద్దున్న తొమ్మిది బదులు రాత్రి తొమ్మిది పడింది. ప్రోగ్రాం కన్వర్టర్ కోసం చూస్తోంది, ఐదేసి సెకన్లు ఆగి ప్రయత్నిస్తోంది. ఈలోగా నెట్ వచ్చింది. ఎన్‌టీపీ గడియారాన్ని 12 గంటలు వెనక్కి లాగింది. ఆ క్షణంలో మన థ్రెడ్డు నిద్రలో ఉంది. దాని చేతిలో ఉన్న గడువు 'రాత్రి తొమ్మిది దాటి ఇన్ని నిమిషాల ఇన్ని సెకన్లకి'. ఐదు సెకన్లు కాస్తా 12 గంటల ఐదు సెకన్లయింది.

ఇండికేటర్ బాగుంది, కేబుల్ బాగుంది, కన్వర్టర్ మీద దీపం వెలుగుతోంది, స్క్రీన్ మీద మాత్రం బరువు రాదు. లారీలు వరస కట్టాయి. చివరికి ఎవరో ఆపి మళ్ళీ వేశారు, బాగైపోయింది. బాగైపోవడమే అన్నిటికన్నా చెడ్డ సంగతి, ఎందుకంటే ఆ తర్వాత ఎవరూ కారణం వెతకలేదు. ఇలా ఇంకోసారి అయ్యాక నా దగ్గరికి వచ్చింది. లాగ్ ఫైల్లో రాత్రి 9 గంటల లైన్ల కింద పొద్దున్న 9 గంటల లైన్లు కనిపించాక ఇంక వెతకాల్సిందేమీ లేకపోయింది.

పీథ్రెడ్ కండిషన్ వేరియబుల్ మామూలుగా చూసేది క్లాక్ రియల్‌టైమ్‌ని. అంటే గోడ గడియారాన్ని. అది ముందుకి దూకితే టైమౌట్లన్నీ ఒక్కసారి పేలతాయి. వెనక్కి జరిగితే థ్రెడ్లు పడుకుండిపోతాయి. వేబ్రిడ్జి చిన్న విషయం అనుకుంటారేమో. 2012 జూన్ 30న లీప్ సెకను, అంటే భూమి తిరుగుడుతో గడియారాల్ని సరిపెట్టే అదనపు సెకను, ఒకటి కలిపారు. మనకి అది జూలై 1, ఆదివారం పొద్దున్న ఐదున్నరకి ముందు పడ్డ అదనపు సెకను. లినక్స్ కెర్నెల్ (ఆ ఓఎస్ గుండెకాయ) తన గడియారంలో ఆ సెకను కలిపింది గానీ, కలిపిన సంగతి లోపల టైమర్లు చూసుకునే భాగానికి చెప్పలేదు. దాంతో రియల్‌టైమ్ గడియారం మీద ఆగిన వెయిట్లు ఒక సెకను ముందే ముగిసిపోవడం మొదలైంది. సెకను కంటే చిన్న టైమౌట్లయితే అసలు ఆగడమే లేదు. ఆగి చూసి మళ్ళీ ఆగే లూపులన్నీ ఊపిరాడకుండా తిరిగాయి, ప్రపంచమంతా జావా, మైఎస్‌క్యూఎల్ నడుస్తున్న సర్వర్లలో సీపీయూలు నూటికి నూరు ఎక్కాయి. రెడ్డిట్ లాంటి సైట్లు పడ్డాయి. చాలాచోట్ల దానికి అప్పటికప్పుడు చేసిన చికిత్స ఏమిటంటే, డేట్ కమాండ్‌తో ఉన్న టైమునే మళ్ళీ సెట్ చెయ్యడం. అలా చేస్తే టైమర్లకి కబురందుతుంది. పెద్దపెద్ద డేటా సెంటర్లలో కూర్చున్నవాళ్ళు కూడా మన ఆపరేటర్ చేసిన పనే చేశారన్నమాట. (నవ్వులు) లీప్ సెకన్ల బెడద 2035 నాటికి వదిలించుకోవాలని 2022లో అంతర్జాతీయంగా తీర్మానించారు లెండి. ఎన్‌టీపీ మాత్రం ఎక్కడికీ పోదు.

మందు ఏమిటంటే మోనోటోనిక్ క్లాక్. ఇది తేదీ చెప్పదు, గంట చెప్పదు. ఎప్పుడో ఒకప్పుడు మొదలై ముందుకి మాత్రమే నడుస్తుంది. ఎవరు టైం మార్చినా దానికి పట్టదు. లినక్స్‌లో కండిషన్ వేరియబుల్‌ని సృష్టించేటప్పుడే, పీథ్రెడ్ కాండ్‌ఆట్ర్ సెట్‌క్లాక్ అనే ఫంక్షన్‌తో 'నువ్వు క్లాక్ మోనోటోనిక్‌ని చూడు' అని చెప్పాలి. తర్వాత గడువు లెక్కగట్టేటప్పుడు కూడా అదే గడియారాన్ని అడగాలి. ఈ రెండూ కలవాలి, బాగా గుర్తుపెట్టుకోండి. కండిషన్ వేరియబుల్ రియల్‌టైమ్‌ని చూస్తుంటే మీరు మోనోటోనిక్ గడువు ఇచ్చారనుకోండి, ఆ అంకె మెషిన్ లేచి ఎన్ని సెకన్లయిందో అంతే ఉంటుంది, అంటే 1970 జనవరిలోనే ఎక్కడో. వెంటనే టైమౌట్. తిరగేసి ఇచ్చారనుకోండి, థ్రెడ్డు యాభై ఏళ్ళకి పైగా పడుకుంటుంది. మన వేబ్రిడ్జి కోడ్‌లో కండిషన్ వేరియబుల్‌ని రెడీమేడ్ ఇనిషియలైజర్‌తో ఒక్క లైనులో సృష్టించారు. అలా చేస్తే టైమ్డ్‌వెయిట్‌కి గడియారం ఎంచుకునే అవకాశమే లేదు, రియల్‌టైమే దిక్కు. బాగుచెయ్యడానికి మార్చింది అదొకటీ, గడువు లెక్కగట్టే లైనూ.

ఇక మ్యాక్. అక్కడ ఆ సెట్‌క్లాక్ ఫంక్షన్ లేదు. ఇందాక కంపైల్ కాదు అన్నది దీని గురించే. దాని బదులు ఆపిల్ సొంతంగా ఒకటి ఇచ్చింది, పీథ్రెడ్ కాండ్ టైమ్డ్‌వెయిట్ రిలేటివ్ ఎన్‌పీ. ఎన్‌పీ అంటే నాన్ పోర్టబుల్, ఇంకెక్కడా ఉండదని పేరులోనే చెప్పేశారు. ఇది విండోస్‌లాగా 'ఎంతసేపు' అడుగుతుంది. సెమాఫోర్ (ఒకేసారి ఎన్ని థ్రెడ్లు వెళ్ళొచ్చో లెక్కపెట్టే ఏర్పాటు) మీద టైమ్డ్ వెయిట్ చేద్దామంటే సెమ్ టైమ్డ్‌వెయిట్ కూడా మ్యాక్‌లో లేదు. పేరులేని పోసిక్స్ సెమాఫోర్లే అక్కడ పనిచెయ్యవు, డిస్పాచ్ సెమాఫోర్ వాడుకోవాలి. మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్డే పట్టుకోగల తాళం) మీద టైమ్డ్ లాక్ కూడా లేదు. అందుకే నా సలహా, మూడు చోట్లా నడవాల్సిన కోడ్ అయితే టైమౌట్ పనులన్నీ కండిషన్ వేరియబుల్ మీదే కట్టండి. మిగతావి దాంతో కట్టుకోవచ్చు.

ఈ లోటు పెద్దవాళ్ళకి తెలియక కాదు. లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.30లో, 2019లో, పీథ్రెడ్ కాండ్ క్లాక్‌వెయిట్ వచ్చింది. అందులో ఏ గడియారం చూడాలో వెయిట్ చేసేటప్పుడే చెప్పొచ్చు. 2024 పోసిక్స్ ప్రమాణంలోకి కూడా దాన్ని తీసుకున్నారు. గ్లిబ్‌సీ మీద ఆధారపడ్డ భాషలూ ఆ తర్వాతే బాగుపడ్డాయి. సీ ప్లస్ ప్లస్‌లో 2011 నుంచి స్టెడీ క్లాక్ అనే మోనోటోనిక్ గడియారం ఉంది, దాంతో వెయిట్ అన్‌టిల్ రాయొచ్చు. కానీ లినక్స్‌లో జీసీసీ కంపైలర్ తన లైబ్రరీలో దాన్ని లోపల్లోపల గోడ గడియారానికి మార్చి ఆగేది. జీసీసీ 10 వచ్చాక గానీ అది సరి కాలేదు. పైథాన్‌లో లాక్ ఎక్వయిర్‌కి ఇచ్చే టైమౌట్ లినక్స్‌లో మోనోటోనిక్ గడియారం చూడడం మొదలుపెట్టింది 3.11తో, అంటే 2022లో. మీ ప్రోగ్రాంలో మీరు ఏ పాపం చెయ్యకపోయినా, పాత లినక్స్ డిస్ట్రిబ్యూషన్ మీద నడిపితే వేబ్రిడ్జి కథ మీకూ జరగొచ్చు.

మరి విండోస్ వాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చా? గడియారం తిప్పడం విషయంలో ఉండొచ్చు. 'ఎంతసేపు' పద్ధతిలో గోడ గడియారం ప్రమేయం లేదు. అక్కడి గోతులు వేరే. బోర్డు మీద రాసింది చూడండి, మిగిలింది = గడువు − ఇప్పుడు. గడువు ఒక్క మిల్లీసెకను దాటిపోయింది, మిగిలింది మైనస్ ఒకటి. సున్నా కన్నా తక్కువా అని చూడకుండా దాన్ని అలాగే ఫంక్షన్‌కి ఇచ్చామనుకోండి. విండోస్‌కి కావాల్సింది ప్లస్, మైనస్ గుర్తు లేని 32 బిట్ల అంకె. మైనస్ ఒకటి అందులోకి పోతే అన్ని బిట్లూ ఒకట్లే. ఆ విలువకి విండోస్ పెట్టిన పేరు ఇన్ఫినిట్! టైమౌట్ ఒక్క మిల్లీసెకను దాటినందుకు శాశ్వత నిద్ర. మైనస్ రెండైతే కొంచెం నయం, 49.7 రోజులు. (నవ్వులు) ఇలాంటి బగ్ నెలకోసారి కూడా రాదు, వచ్చినప్పుడు డీబగ్గర్‌లో చూస్తే థ్రెడ్డు బుద్ధిగా వెయిట్ చేస్తూ కనిపిస్తుంది.

రెండోది, నానోసెకన్లని మిల్లీసెకన్లు చేసేటప్పటి భాగహారం. మిగిలింది 0.4 మిల్లీసెకను అనుకోండి. పూర్ణాంకం చేస్తే సున్నా. సున్నా అంటే విండోస్‌కి 'ఆగకుండా చూసి వచ్చెయ్' అని. లూప్ తిరిగి మళ్ళీ 0.4, మళ్ళీ సున్నా. గడువు వచ్చేదాకా అలా గిరగిరా తిరుగుతుంది. అందుకే ఎప్పుడూ పైకే సవరించండి, 0.4ని 1 చెయ్యండి. ఇంకోటి, విండోస్ టైమర్ మామూలుగా 15.6 మిల్లీసెకన్లకోసారి కొట్టుకుంటుంది. ఐదు మిల్లీసెకన్లు ఆగమంటే పదిహేను ఆగొచ్చు, ఒక్కోసారి అడిగినదానికన్నా కాస్త ముందే కూడా రావొచ్చు. 'టైమౌట్' అని ఓఎస్ చెప్పినా మన గడియారం చూసుకునే నిర్ణయించాలి. బోర్డు మీది లూప్ అదెలాగూ చేస్తోంది.

లేటు విషయం కూడా ఒకటి చెప్పేస్తాను. టైమ్డ్ వెయిట్ అయిదు సెకన్లకి లేస్తుంది, నిజమే. కానీ తిరిగొచ్చే ముందు మ్యూటెక్స్‌ని మళ్ళీ చేతిలోకి తీసుకోవాలి. దాన్ని ఇంకో థ్రెడ్డు పది సెకన్లు పట్టుకు కూర్చుంటే మీ ఐదు పదిహేనవుతుంది. ఏ ఓఎస్‌లోనైనా ఇంతే. మ్యూటెక్స్ పట్టుకుని ఫైలు రాయడం, నెట్‌వర్క్‌కి వెళ్ళడం చేసే వాళ్ళకి టైమౌట్లు ఎంత జాగ్రత్తగా రాసినా లాభం లేదు.

ఇప్పుడు వీటన్నిటినీ ఎక్కడ పెడతాం? మీ ప్రాజెక్టులో ఒకే ఒక ఫంక్షన్ రాసుకోండి. దాని పేరు మీ ఇష్టం. దానికి ఇచ్చేది మోనోటోనిక్ గడియారం మీద ఒక గడువు. లోపల మూడు దారులు. లినక్స్ అయితే గడువుని అలాగే ఇచ్చెయ్యడం. మ్యాక్ అయితే మిగిలింది లెక్కగట్టి రిలేటివ్ ఎన్‌పీకి ఇవ్వడం. విండోస్ అయితే మిగిలింది లెక్కగట్టి, పైకి సవరించి, సున్నాకి తక్కువైతే సున్నా చేసి, మరీ పెద్దదైతే ఇన్ఫినిట్‌కి ఒకటి తక్కువ దగ్గర ఆపి ఇవ్వడం. పై కోడ్ మొత్తం గడువునే చేతులు మార్చాలి, వ్యవధిని కాదు. ఒక రిక్వెస్ట్ మూడు ఫంక్షన్లు దాటి వెళ్ళేటప్పుడు ఒక్కోదానికి ఐదేసి సెకన్లు ఇస్తే మొత్తం పదిహేనవుతుంది. ఒకే గడువు ఇస్తే ఐదులోనే ముగుస్తుంది.

ఇక మీరడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మేము కాలేజీలో జావాలో రాస్తాం. ఇవన్నీ మాకు అక్కర్లేదు కదా?)

సగం అక్కర్లేదమ్మా. ఓఎస్ తేడాలు జేవీఎం, అంటే జావా ప్రోగ్రాంని నడిపే సాఫ్ట్‌వేర్, చూసుకుంటుంది. లూప్ మాత్రం నువ్వే రాయాలి, స్పూరియస్ వేకప్ జావాలోనూ ఉంది. కండిషన్ మీద అవెయిట్ నానోస్ వాడు, అది ఇంకా ఎంత మిగిలిందో తనే చెప్తుంది, దాన్నే మళ్ళీ ఇస్తే సరిపోతుంది. ఒక్కటి చూసుకో. ఆబ్జెక్ట్ మీద వెయిట్‌కి సున్నా ఇస్తే 'వెంటనే వచ్చెయ్' అని కాదు, 'ఎప్పటికీ ఆగు' అని. విండోస్‌లో సున్నాకి సరిగ్గా వ్యతిరేకం. మిగిలిన టైం లెక్కగట్టి అది సున్నా అయితే అలాగే ఇచ్చేశావో, అయిపోయింది. టైంని సిస్టమ్ కరెంట్ టైమ్ మిల్లీస్‌తో కొలవకు, నానోటైమ్‌తో కొలువు.

(కంప్యూటర్ షాపు నడిపే ఒక పెద్దాయన: బాబూ, ల్యాప్‌టాప్ మూత మూసేస్తే ఆ ఐదు సెకన్లు నడుస్తాయా, ఆగుతాయా?)

మంచి ప్రశ్న అడిగారండీ, నేను దాటేద్దామనుకున్నది అదే. (నవ్వులు) లినక్స్‌లో క్లాక్ మోనోటోనిక్ మెషిన్ నిద్రపోతే తనూ ఆగుతుంది. నిద్ర కూడా లెక్కలోకి రావాలంటే క్లాక్ బూట్‌టైమ్ అని వేరే ఉంది. మ్యాక్‌లో అదే క్లాక్ మోనోటోనిక్ అన్న పేరున్నది నిద్రలో కూడా నడుస్తుంది! నిద్రలో ఆగేది కావాలంటే క్లాక్ అప్‌టైమ్ రా. విండోస్ 7 దాకా వెయిట్ ఫర్ సింగిల్ ఆబ్జెక్ట్ నిద్రపోయిన టైమునీ లెక్కపెట్టేది, విండోస్ 8 నుంచి లెక్కపెట్టడం లేదు. ఒకే ప్రోగ్రాం, ఒకే విండోస్, రెండు వెర్షన్లలో రెండు రకాలు. కాబట్టి మీ టైమౌట్ దేనికో ముందు తేల్చుకోవాలి. ప్రోగ్రాం లోపల థ్రెడ్లు మాట్లాడుకోవడానికైతే నిద్ర లెక్కలోకి రాకపోవడమే మంచిది, లేకపోతే మూత తెరవగానే అన్నీ టైమౌట్ అయిపోయాయని గోల పెడతాయి. అవతల సర్వర్‌తో లాగిన్ గడువు లాంటిదైతే నిద్ర లెక్కలోకి రావాలి, ఎందుకంటే సర్వర్ మన మూత చూడదు కదండీ.

(వెనక వరసలోంచి: దీన్ని టెస్ట్ చెయ్యడం ఎలా సార్? రోజూ కరెంటు తియ్యలేం కదా.)

ఇక్కడైతే ఆ పని కరెంటు వాళ్ళే చేసిపెడతారు. (నవ్వులు) ఎన్‌టీపీ సర్వీసు ఆపెయ్యండి. ప్రోగ్రాం వెయిట్‌లో ఉండగా రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, గడియారాన్ని గంట వెనక్కి తిప్పండి. ఐదు సెకన్లకి లేచిందా చూడండి. తర్వాత గంట ముందుకి తిప్పండి, లేవకూడనప్పుడు లేచిందా చూడండి. వర్చువల్ మెషిన్‌లో చేసుకుంటే మీ అసలు మెషిన్‌లో ఫైళ్ళ తేదీలు చెడిపోవు. వర్చువల్ మెషిన్ బయటి గడియారంతో టైం కలుపుకునే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, అది కూడా తీసెయ్యాలి. లేకపోతే మీరు తిప్పింది అది నిమిషంలో సరిచేసేస్తుంది, అంతా బాగుందనుకుంటారు. స్పూరియస్ వేకప్ కోసం ఒక కొంటె థ్రెడ్డు పెట్టి, షరతు మార్చకుండా పది మిల్లీసెకన్లకోసారి ఉత్తుత్తి సిగ్నల్ ఇప్పించండి. గడువు లూప్ లోపల పెట్టినవాళ్ళ ప్రోగ్రాం ఇంక ఎప్పటికీ టైమౌట్ అవదు, అక్కడే దొరికిపోతారు. గుణుపురం బస్సు వాళ్ళు లేవొచ్చు, మిగతావాళ్ళకి బోర్డు మీది లూప్‌ని విండోస్‌లో రాసి చూపిస్తాను, ఆ ప్రొజెక్టర్ కేబుల్ ఇటివ్వండి.